మెల్లగా పరుగెత్తినా పరుగే!

"పరుగెత్తి పాలు తాగే కన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలు" అని మనకో సామెత ఉంది. ఆ సామెత చెప్పిన మహానుభావుడెవరో గానీ, పొద్దున్న ఏడింటికి ఏ ఇల్లాలి వంటింట్లోకీ తొంగిచూసి ఉండడు. ఒక పొయ్యి మీద పాలు, ఇంకో పొయ్యి మీద కుక్కరు, మిక్సీలో చట్నీ, ముందు గదిలోంచి "అమ్మా, నా సాక్సులేవీ?" అని ఒక కేక, బాత్రూములోంచి "తువ్వాలు!" అని ఇంకో కేక. అప్పుడు మనం పరుగెత్తకుండా నిలబడితే పాలు పొంగిపోతాయి, ఆ రోజు ఇంటిల్లిపాదికీ నీళ్ళే గతి!

అందుకే డాక్టర్లు "వ్యాయామం చెయ్యండమ్మా" అంటే మనకి నవ్వొస్తుంది. పొద్దుట్నుంచీ పడుకునేదాకా కాలు నిలవకుండా తిరుగుతూనే ఉంటాం కదా, ఇంకా వ్యాయామమేంటి అనిపిస్తుంది. కానీ గమనించి చూడండి. మన పరుగంతా నాలుగడుగులు వెయ్యడం, ఆగడం, మళ్ళీ నాలుగడుగులు వెయ్యడం. గుండె కాస్త వేగం అందుకునేలోపే పొయ్యి దగ్గర ఆగిపోతాం. ఒళ్ళు అలిసిపోతుంది గానీ గుండెకి, ఊపిరితిత్తులకి పని తగలదు. కొవ్వు మాత్రం ఎక్కడిది అక్కడే హాయిగా కూర్చుని ఉంటుంది.

నా సంగతే చూడండి. నాకు 44 ఏళ్ళు. ఇంటర్‌తో చదువు ఆగింది. పెళ్ళయి విశాఖపట్నం వచ్చి ఇరవయ్యేళ్ళు దాటింది. ఇద్దరు పిల్లలు. ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. కిందటేడు సంక్రాంతికి నా బరువు 78 కిలోలు. నడుము చుట్టుకొలత 101 సెంటీమీటర్లు. మన దేశపు ఆడవాళ్ళకి నడుము 80 సెంటీమీటర్లు దాటితేనే జాగ్రత్తపడాలంటారు. బరువుని ఎత్తుతో లెక్కగట్టే బీఎంఐ మనకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. నాది 32 దాటింది. మూడో అంతస్తులోని బంధువుల ఇంటికి వెళ్తే, రెండో అంతస్తు దగ్గర ఆగి, అక్కడ తలుపు మీదున్న పేరు చదువుతున్నట్టు నటిస్తూ ఊపిరి తీసుకునేదాన్ని.

అలాంటిదాన్ని ఇవాళ బీచ్ రోడ్డు మీద ఆగకుండా 5 కిలోమీటర్లు పరుగెత్తుతున్నాను. ఇది గొప్పకి చెప్పడం లేదండీ. నా పరుగు చూస్తే పరుగని మీరు ఒప్పుకోవడమే కష్టం, అంత మెల్లగా ఉంటుంది. ఆ మెల్లగా అన్న మాటలోనే కిటుకంతా ఉందని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

<b>అమ్మ చెప్పుల జత</b>

మా అమ్మకి యాభయ్యో ఏట షుగరు బయటపడింది. కొన్నేళ్ళకి చెప్పు కరిచి కుడికాలికి చిన్న పుండయింది. షుగరు వల్ల పాదానికి స్పర్శ తగ్గిపోయి ఆవిడకి నొప్పి తెలియలేదు. పసుపు రాసుకుని తిరిగింది. రెండు నెలలకి బొటనవేలు తీసేశారు, ఏడాది తిరిగేసరికి సగం పాదం తీసేశారు. నాలుగేళ్ళు వారంలో మూడు రోజులు మా ఊరు వెళ్ళి నేనే కట్టు మార్చేదాన్ని. అమ్మ పోయాక మంచం కింద చెప్పులు బయటికి తీస్తే, ఎడమకాలి చెప్పు అరిగిపోయి ఉంది, కుడికాలిది కొన్ననాటిలాగే ఉంది. ఆ జతని ఏం చెయ్యాలో తెలియక చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను.

కిందటేడు సంక్రాంతి వెళ్ళాక నేనూ రక్తపరీక్ష చేయించుకున్నాను. మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ అనే పరీక్షలో 6.3 వచ్చింది. 5.7 లోపు ఉంటే ఫరవాలేదు, 6.5 వస్తే షుగరు వ్యాధి వచ్చినట్టు. నేను సరిగ్గా గుమ్మంలో నిలబడి ఉన్నానన్నమాట. ఇలా గుమ్మంలో ఉన్నదాన్ని నేనొక్కదాన్నే కాదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగరుంటే, ఇంకా 13 కోట్ల 60 లక్షల మంది ఈ హద్దు మీద ఉన్నారట.

ఆ రాత్రి మా అమ్మాయి రిపోర్టు చూసింది. అది ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. "అమ్మమ్మకి వచ్చింది. నీకూ వస్తుందంటున్నారు. అంటే తర్వాత నాకేనా అమ్మా?" అని అడిగింది. మామూలుగానే అడిగింది, భయపెట్టాలనీ కాదు, ఏడవాలనీ కాదు. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతుక్కుంటూనే నేను రోడ్డెక్కాను.

డాక్టరమ్మగారు ఒక మంచి మాట చెప్పారు. గుమ్మంలో ఉన్నవాళ్ళందరూ లోపలికి వెళ్ళాలని లేదు, వెనక్కి రావచ్చన్నారు. అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. బరువులో 7 శాతం తగ్గి, వారానికి 150 నిమిషాలు వ్యాయామం చేసే ప్రయత్నంలో పడ్డవాళ్ళలో షుగరు వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. 78 కిలోల మనిషికి 7 శాతమంటే అయిదున్నర కిలోలు. "ముప్ఫై కిలోలు తగ్గు" అంటే నేను ఇంటికొచ్చి దుప్పటి ముసుగేసేదాన్ని. అయిదున్నర అనేసరికి, ఒక చిన్న బియ్యం సంచి కదా, దింపుదాం అనుకున్నాను.

<b>ముప్ఫయ్యేళ్ళ తర్వాత</b>

చిన్నప్పుడు మేం పరుగెత్తని రోజు లేదు. ఖోఖో, కుంటుడు, దాగుడుమూతలు... మా ఊరి బడిలో నన్ను పట్టుకోగలిగిన పిల్ల లేదంటే నమ్మండి. 1991లో "అశ్విని" సినిమా వచ్చింది గుర్తుందా? పరుగుల రాణి అశ్వినీ నాచప్ప తనే కథానాయికగా నటించింది. అది చూసొచ్చాక వారం రోజులు మా వీధి ఆడపిల్లలందరం చెరువుగట్టు మీద పందేలు పెట్టుకున్నాం. తర్వాత నేను పెద్దమనిషినయ్యాను. "ఇంక గెంతులు మాను, ఆడపిల్ల అడుగేస్తే చప్పుడవకూడదు" అన్నారు. ఆ రోజు ఆగిన కాళ్ళు మళ్ళీ 43 ఏళ్ళకి కదిలాయి. మధ్యలో ముప్ఫయ్యేళ్ళు బస్సు కోసం కూడా పరుగెత్తలేదు, తర్వాతి బస్సుకి వెళ్ళేదాన్ని.

డాక్టరమ్మగారు ముందు రక్తపోటు, ఈసీజీ, రక్తంలో హిమోగ్లోబిన్ చూశారు. హిమోగ్లోబిన్ పరీక్ష మనకి చాలా ముఖ్యమండీ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. రక్తం లేకుండా పరుగెత్తితే ఆయాసం తప్ప ఏం మిగలదు. నాకు 10.8 ఉంటే, 12 దాటేదాకా ఐరన్ మాత్రలు ఇచ్చి, ఆ రెండు నెలలూ నడక మాత్రమే అన్నారు.

మా ఇల్లు చినవాల్తేరు. బీచ్ రోడ్డు నడకదూరమే. పొద్దున్నపూట అక్కడ కొంతసేపు బళ్ళు రానివ్వరు కాబట్టి నడిచేవాళ్ళకి, పరుగెత్తేవాళ్ళకి రాజ్యం. అక్కడే ఒక పెద్దావిడ పరిచయమయ్యారు. అరవై దాటాయి, టీచరుగా రిటైరయ్యారు. తలంతా తెల్లజుట్టు, ముడి మీద రబ్బరు బ్యాండు. చిన్న చిన్న అడుగులతో తాపీగా పరుగెత్తుతూ నన్ను దాటిపోయేవారు. ఒకరోజు ధైర్యం చేసి, "అమ్మా, మీకు ఆయాసం రాదా?" అని అడిగాను. ఆవిడ పరుగు ఆపకుండానే, "వచ్చేంత వేగంగా నేను వెళ్ళనమ్మా" అన్నారు.

తర్వాత ఆవిడే నన్ను చేరదీశారు. ఆవిడ చెప్పిన సూత్రం ఒక్కటే. పక్కనున్న మనిషితో మాట్లాడగలిగినంత మెల్లగా పరుగెత్తాలి. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టు. పక్కన మనిషి లేకపోతే దేవుడి అష్టోత్తరం చదువుకోవాలి. ఒక గుక్కలో రెండు మూడు నామాలు తడబడకుండా వస్తే సరిపోయింది. ఒక్క నామం మధ్యలో విరిగిందా, అడుగు తగ్గించాలి. "నడిచేవాళ్ళు నిన్ను దాటిపోతారు, పోనీ. వాళ్ళకి ఆఫీసు టైమవుతోందేమో!" అని నవ్వేవారు. నిజంగానే మొదటి వారం ఊతకర్రతో నడిచే తాతగారొకరు నన్ను దాటుకుని వెళ్ళి, వెనక్కి తిరిగి "శభాష్ అమ్మా" అన్నారు. సిగ్గుపడాలో సంతోషించాలో తెలియలేదు.

<b>ఒక్క నిమిషం పరుగు, నిమిషంన్నర నడక</b>

1996లో అమెరికాలో జోష్ క్లార్క్ అనే ఆయన, యాభై దాటిన తన తల్లికి పరుగు అలవాటు చేద్దామని తొమ్మిది వారాల పద్ధతి ఒకటి తయారుచేశారట. లోకమంతా ఇప్పుడు దాన్నే వాడుతోంది. మా అమ్మాయి దాన్ని ఫోన్లో చూపిస్తే నేను కాగితం మీద రాసుకుని ఫ్రిజ్ తలుపుకి అంటించాను.

వారానికి మూడు రోజులే. రోజు విడిచి రోజు. మొదటి వారం: అయిదు నిమిషాలు చురుగ్గా నడవాలి. తర్వాత 60 సెకన్లు మెల్లగా పరుగు, 90 సెకన్లు నడక. ఇలా మార్చి మార్చి 20 నిమిషాలు. రెండో వారం 90 సెకన్ల పరుగు, 2 నిమిషాల నడక. మూడో వారంలో 3 నిమిషాల పరుగు వస్తుంది. అలా పెంచుకుంటూ తొమ్మిదో వారానికి అరగంట ఆగకుండా పరుగెత్తాలి. రోజు విడిచి రోజు ఎందుకంటే, పరుగెత్తిన రోజు కండరాలు, నరాలు, ఎముకలు కాస్త నలుగుతాయి. విశ్రాంతి తీసుకున్న రోజే అవి సర్దుకుని గట్టిపడతాయి. పప్పు నానబెట్టినట్టే, ఆ గంటలు మనం చేసే పనేమీ ఉండదు, కానీ ఆ గంటలు లేకపోతే పప్పు రుబ్బుకి రాదు.

మా ఊరి బీచ్‌లో 2002 నుంచి కురుసురా సబ్‌మెరైన్ మ్యూజియం ఉంది కదా. దాని పొడవు సుమారు 91 మీటర్లు. మొదటిరోజు ఒక్క నిమిషం పరుగులో నేను వెళ్ళింది దాదాపు ఆ సబ్‌మెరైన్ పొడవంత దూరం. అంతే! దానికే చెవుల్లో గుండె చప్పుడు వినిపించింది. 5 కిలోమీటర్లంటే అలాంటి సబ్‌మెరైన్లు 55 వరసగా పెట్టాలి. లెక్క వేసుకుని నవ్వుకున్నాను. కానీ ఆ 20 నిమిషాల్లో అలాంటి పరుగులు ఎనిమిది చేశాను. ముప్ఫయ్యేళ్ళలో మొదటిసారి!

తొమ్మిది వారాల పద్ధతి నాకు పంతొమ్మిది వారాలు పట్టింది. మూడో వారం పాఠం మూడుసార్లు, అయిదో వారం పాఠం నాలుగుసార్లు చేశాను. వచ్చిన పాఠం వచ్చాకే తర్వాతి పాఠం. బడిలో అయితే తప్పారంటారు, ఇక్కడ అనేవాళ్ళు లేరు.

<b>ఇంట్లో అరగంట</b>

పరుగు కంటే ఆ అరగంట సంపాదించడమే కష్టమైంది. మావారు మొదట నవ్వారు. తర్వాత "చీకట్లో ఒక్కదానివీ వద్దు" అని స్కూటరు మీద దింపి, నేను తిరిగొచ్చేదాకా గట్టు మీద పేపరు చదువుకునేవారు. మా అత్తయ్యగారు మాత్రం ససేమిరా అన్నారు. "ఈ వయసులో రోడ్డు మీద గెంతులేంటమ్మాయ్? చూసినవాళ్ళు ఇంట్లో ఏం గొడవో అనుకుంటారు" అన్నారు. పాలూ నీళ్ళూ సామెత కూడా ఆవిడ నోటే విన్నాను.

నేను వాదించలేదు. రాత్రే సగం పని ముగించడం మొదలుపెట్టాను. కూరలు తరిగి డబ్బాల్లో పెట్టడం, పప్పు కడిగి నానబెట్టడం, ఇడ్లీ పిండి పులియబెట్టడం, పల్లీపొడి, కందిపొడి వారానికోసారి చేసి ఉంచడం. పరుగు రోజుల్లో ఇడ్లీలూ పొడే. ఎవరూ చిక్కిపోలేదు. నెల రోజులు గడిచాక ఒకరోజు నేను లేచేసరికి వంటింట్లో దీపం వెలుగుతోంది. అత్తయ్యగారు పాలు పొయ్యి మీద పెట్టి నిలబడి ఉన్నారు. "నువ్వు వెళ్ళిరా, ఇది నేను చూస్తాలే. మీ అమ్మ కాలు నేను మాత్రం చూడలేదా?" అన్నారు. చెప్పులు వేసుకుంటుంటే మరి నాకు కళ్ళు తిరగలేదు గానీ, కాసేపు లేసు కనిపించలేదు.

బయటివాళ్ళ మాటలు వేరు. కుర్రాళ్ళు "ఆంటీ, సెకండ్ గేరు వెయ్యండి" అని అరిచారు. మొదటిసారి ముఖం మాడిపోయింది. రెండోసారి పెద్దావిడ పక్కనుండి, "గేర్లున్నాయి బాబూ, పెట్రోలే జాగ్రత్తగా వాడుతున్నాం" అన్నారు. వాళ్ళే నవ్వేశారు. ఆడది పరుగెత్తితే వింతగా చూడటం మన ఊళ్ళోనే కాదు లెండి. 1967లో అమెరికాలో బోస్టన్ మారథాన్‌లో కేథరిన్ స్విట్జర్ పరుగెత్తుతుంటే నిర్వాహకుల్లో ఒకాయన వెంటపడి ఆమె నంబరు లాక్కోబోయాడు. ఆ మారథాన్‌లోకి ఆడవాళ్ళని అధికారికంగా రానిచ్చింది 1972లో. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ మారథాన్ మొదలైంది 1984లో. అంతవరకూ మన శరీరాలు అంత దూరం తట్టుకోలేవని పెద్దపెద్దవాళ్ళే అన్నారట! మన దేశంలోనే మన్ కౌర్ అనే పంజాబీ బామ్మగారు 93 ఏళ్ళ వయసులో పరుగు మొదలుపెట్టి, 2017లో న్యూజిలాండ్‌లో 101 ఏళ్ళకి 100 మీటర్ల పందెంలో బంగారు పతకం తీసుకున్నారు. ఇంక మన నలభైలు ఏ మూలకి?

<b>మనలో మనమాట</b>

కొన్ని సంగతులు మగవాళ్ళు రాసిన పుస్తకాల్లో ఉండవు. అందుకే విప్పి చెప్తున్నాను.

లోపలి బట్ట సంగతి మొదటిది. మామూలు బ్రాతో పరుగెత్తితే రొమ్ములు ఊగి నొప్పి చేస్తాయి, మెడ, భుజాలు పట్టేస్తాయి. గట్టిగా పట్టి ఉంచే స్పోర్ట్స్ బ్రా కొనుక్కోండి. షాపులో వేసుకుని రెండుసార్లు గెంతి చూసి మరీ తీసుకోండి. బూట్లు సాయంత్రంపూట కొనాలి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. బొటనవేలి ముందు వేలెడు వెడల్పు ఖాళీ ఉండాలి. నేను బూట్లకి 2,800 రూపాయలు పెట్టాను. నాకోసం నేను అంత పెట్టి కొనుక్కున్న వస్తువు పెళ్ళయ్యాక అదే.

లావుగా ఉన్నవాళ్ళకి తొడలు ఒరుసుకుని మంట పుడుతుంది. మోకాళ్ళ దాకా వచ్చే బిగుతు లెగ్గింగు వేసుకుని పైన పొడుగు కుర్తా వేసుకోండి. కొబ్బరినూనె గానీ వ్యాజిలిన్ గానీ రాసుకుంటే ఇంకా మంచిది. చున్నీ ఇంట్లో వదిలెయ్యండి, కాళ్ళకి అడ్డం పడుతుంది. మంగళసూత్రం గొలుసు గుండె మీద కొట్టుకుంటుంటే కుర్తా లోపలివైపు పిన్నీసుతో బిగించండి. దొంగల కంటా పడదు. కుక్కలు మొరిగితే పరుగు ఆపి నెమ్మదిగా నడవండి. వెనక్కి తిరిగి పరుగెత్తారో, వాటికి అదో ఆట.

ఇంకొకటి. కాన్పులయినవాళ్ళలో చాలామందికి దగ్గినా, తుమ్మినా, గెంతినా రెండు చుక్కలు మూత్రం పడిపోతుంది. పరుగులో ఇది ఎక్కువవుతుంది. ఈ ఒక్క కారణానికే మానేసేవాళ్ళున్నారు, ఎవరితోనూ చెప్పరు. అది కింది కండరాలు వదులవడం వల్ల. మూత్రం పట్టి ఉంచుకునేటప్పుడు ఎలా బిగిస్తామో, అలా అయిదు సెకన్లు బిగించి, అయిదు సెకన్లు వదలాలి. పదిసార్లు, రోజుకి మూడు పూటలు. గిన్నెలు తోముతూ కూడా చేసుకోవచ్చు, ఎవరికీ తెలియదు. నాకు మూడు నెలల్లో బాగా తగ్గింది. తగ్గకపోతే ఆడడాక్టరుకి చెప్పండి, సిగ్గుపడే విషయం కాదిది.

<b>మోకాళ్ళు, కాటా</b>

"మోకాళ్ళు అరిగిపోతాయి" అని చెప్పనివాళ్ళు లేరు. డాక్టరమ్మగారిని అడిగాను. ఆరోగ్యంగా ఉన్న మోకాళ్ళతో మితంగా పరుగెత్తేవాళ్ళకి కీళ్ళు అరగడం ఎక్కువేమీ కాదని, కదలకుండా కూర్చునేవాళ్ళకంటే తక్కువే కనిపించిందని పరిశోధనలు చెప్తున్నాయన్నారు. అయితే ఇప్పటికే మోకాళ్ళు వాచి నొప్పి చేసేవాళ్ళు ముందు చూపించుకోవాలి, నడకతోనే సరిపెట్టుకోవాల్సి రావచ్చు. నాకు మాత్రం అయిదో వారంలో మోకాళ్ళు కాదు, ముంగాళ్ళ ఎముక లోపలి అంచు సలిపింది. పది రోజులు పరుగు ఆపి నడిచాను, సాయంత్రాలు మంచుముక్కలు గుడ్డలో కట్టి పెట్టాను, గోడ పట్టుకుని మడమలు పైకెత్తి దింపే వ్యాయామం చేశాను. తగ్గాక అంతకుముందు వారం పాఠంతో మళ్ళీ మొదలుపెట్టాను. పరుగెత్తేకొద్దీ నొప్పి పెరిగినా, ఒక్కచోటే వేలు పెట్టి చూపించగలిగేలా ఉన్నా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. గుండెలో బరువు, కళ్ళు తిరగడం అనిపిస్తే ఆ క్షణమే ఆపాలి.

ఇక కాటా. ఆరు వారాలు పరుగెత్తాక ఎక్కి చూస్తే 78 కిలోలే! బూట్ల డబ్బు వృథా అనుకున్నారు ఇంట్లో. పెద్దావిడ, "కాటా ఎక్కకు, జాకెట్టు హుక్కుల్ని అడుగు" అన్నారు. నిజమే, కిందటి దసరాకి కుట్టించిన జాకెట్టు బిగుతు తగ్గింది. అరగంట పరుగులో ఖర్చయ్యేది రెండు పూరీలు, కాస్త కూర తింటే తిరిగొచ్చేస్తుంది. అందుకని కంచం కూడా మార్చాను. మానెయ్యలేదు, మార్చానంతే. అన్నం రెండు గరిటెలు తగ్గించి, కూర రెండు గరిటెలు పెంచాను. పరుగుకి ముందు సగం అరటిపండు. వచ్చాక మజ్జిగలో ఉప్పు, నిమ్మరసం వేసుకుని ఒక గ్లాసు, మన ఉక్కపోతకి అది తప్పనిసరి. తర్వాత చోడి అంబలి గానీ, రెండు పెసరట్లు గానీ. సాయంత్రం టీతో పిల్లలు మిగిల్చిన బిస్కెట్లు మాత్రం మానేశాను. ఇంట్లో మిగిలినవన్నీ పడెయ్యడానికి మన పొట్ట చెత్తబుట్ట కాదు కదా!

<b>యాభై అయిదు సబ్‌మెరైన్లు</b>

ఆగస్టు మొదటి వారంలో ఒక బుధవారం అరగంట ఆగకుండా పరుగెత్తాను. అంతకు రెండు వారాల ముందునుంచే పెద్దావిడ నా చేతిగడియారం తీసేసి తన దగ్గర పెట్టుకునేవారు. ఆ రోజు సముద్రం ఒడ్డున జాలర్లు అలివి వల లాగుతున్నారు. వాళ్ళు లాగడం ఎప్పుడైనా చూశారా? తొందరేమీ ఉండదు. తాడు పట్టుకుని, ఒంటిని వెనక్కి వాల్చి, ఒక్కో అడుగే వేస్తారు. అంత పెద్ద వల అలాగే ఒడ్డుకొస్తుంది. వాళ్ళ అడుగుల్ని చూస్తూ నేనూ వేస్తూ పోయాను. "అయిందమ్మా, ముప్ఫై నిమిషాలు" అని పెద్దావిడ అనేదాకా నాకు తెలియలేదు. ఆ మధ్యలో మేమిద్దరం గోంగూర పచ్చడి గురించి మాట్లాడుకుంటూనే ఉన్నాం!

చలికాలం వచ్చాక ఊళ్ళో జరిగిన 5 కిలోమీటర్ల పరుగులో పేరిచ్చాను. మా అమ్మాయి కూడా తనంతట తనే పేరు రాయించుకుంది. నాకు 46 నిమిషాలు పట్టింది. నా వెనక పదిమంది కూడా లేరు. అది నాకంటే ముందే చేరి, నీళ్ళ సీసా పట్టుకుని నిలబడి ఉంది.

తర్వాతి వారం మళ్ళీ పరీక్ష చేయించుకున్నాను. బరువు 72. నడుము 92 సెంటీమీటర్లు. హెచ్‌బీఏ1సీ 5.8. ఇంకా గుమ్మం పూర్తిగా దాటి వెనక్కి రాలేదు, కానీ ఒక కాలు ఇవతల పెట్టాను. డాక్టరమ్మగారు "మానేస్తే మళ్ళీ పెరుగుతుంది సుమా" అని హెచ్చరించారు. తెలుసు. వంశంలో ఉన్నది ఎప్పటికైనా రావచ్చు కూడా. కానీ వస్తే పదేళ్ళు ఆలస్యంగా రానీ, వచ్చేసరికి నా పాదాలకి స్పర్శ బాగా ఉండనీ. పరుగు రోజుల్లో స్నానం చేశాక రెండు పాదాలూ అరికాళ్ళ దాకా చూసుకుని, వేళ్ళ సందులు పొడిగా తుడుచుకోవడం అలవాటు చేసుకున్నాను. మా అమ్మాయికి చెప్పగలిగిన జవాబు ఇదే.

అక్కయ్యలూ, చెల్లెళ్ళూ! మీకు బీచ్ రోడ్డు లేకపోవచ్చు. ఊరి బడి మైదానం, కాలవగట్టు, కాలనీలో వాటర్ ట్యాంకు చుట్టూ ఉన్న దారి, ఏదైనా చాలు. ముందు డాక్టరుకి చూపించుకుని, కొన్ని వారాలు నడవండి. తర్వాత ఒకరోజు, ఎవరైనా చూస్తున్నారేమో అనిపించినా సరే, ఒక్క నిమిషం మెల్లగా పరుగెత్తండి. పక్కింటావిడని కూడా పిలవండి, మాట్లాడుకుంటూ వెళ్ళొచ్చు. మాట తెగనంత మెల్లగా వెళ్తే చాలని చెప్పాను కదా. మాట తెగకుండా చూసుకోవడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు!